నాయనమ్మ చిటికెన వేలంత చేప

చేప చిటికెన వేలంతే ఉండాలని మా నాయనమ్మ షరతు పెట్టింది. ఎవరి చిటికెన వేలు అని అడిగాను. అడగాల్సిన ప్రశ్నే, ఎందుకంటే మా నాన్న చిటికెన వేలు మా అమ్మ బొటనవేలి కంటే లావు. ఆమె దారపు ఉండలోంచి నూలుపోగు లాగి, తన వేలి పక్కన ఆనించి, పంటితో తెంపి నా చేతిలో పెట్టింది.

"గింతకు మించి ఉంటె నేను మింగ. సమజైందా?"

సమజైంది. నాయనమ్మకు దమ్ము. ముసురు పట్టినా, చలి తగిలినా ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యేవి. అప్పుడు గోడకు ఆనుకుని కూర్చుని, ఒక్కొక్క ఊపిరినీ అప్పు అడిగినట్టు తీసుకునేది. అందుకే మృగశిర కార్తె నాడు పాతబస్తీలో ఇచ్చే చేప మందుకు పోతుండేది. బతికున్న కొరమీను పిల్ల నోట్లో పసుపుపచ్చటి మందుముద్ద పెట్టి, ఆ పిల్లను తలవైపు నుంచి రోగి గొంతులోకి జారవిడుస్తారు. వరసగా మూడేళ్లు మింగాలి. ఒక్క ఏడు తప్పినా మళ్లీ మొదటినుంచే. ఈ నియమం ఎవరు పెట్టారో నాకు తెలియదు. నాయనమ్మ చెప్పింది కాబట్టి మా ఇంట్లో దానికి తిరుగులేదు.

రెండేళ్లు అయిపోయాయి. మిగిలింది మూడోది. కానీ రెండో ఏడు అక్కడ వరస పక్కన అమ్మే చేపలన్నీ పెద్దవే ఉన్నాయి. దొరికిన దాన్నే కళ్లు మూసుకుని మింగబోతే సగం దిగి ఆగిపోయి, చివరికి ఎలాగో దిగిందట. "అది ఎనుకకు మర్రి నన్ను జూసింది" అని ఏడాది పొడుగునా చెప్పింది. తల లోపలికి, తోక బయటికి ఉన్న చేప వెనక్కి తిరిగి ఎలా చూస్తుందని నేను అడగలేదు. చూసిందంటే చూసిందే. మూడో ఏడు మాత్రం రానని ఒట్టు పెట్టుకుంది. ఆ చలికాలం దమ్ము ఆమెను బాగా నలిపింది. చూసి చూసి, చిన్న చేపల బాధ్యత నాదని మాటిచ్చాను. కార్తె దగ్గర పడితే చెరువులోని పిల్లలన్నీ పట్నానికే పోతాయి కాబట్టి పదిరోజుల ముందే తెచ్చి ఇంట్లో ఉంచుతానన్నాను. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. నాచారంలో ఒక పైపుల కార్ఖానాలో స్టోర్సు గుమస్తాను. వచ్చిన సరుకును పోకుండా కాపాడటం నా ఉద్యోగం. చేపలు ఒక లెక్కా అనుకున్నాను.

ఉప్పల్ నల్లచెరువు గట్టు మీద వల ఆరబెట్టుకుంటున్న ఒకాయనకు నూలుపోగు చూపించాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు.

"ఏంది తమ్మీ గిది? చేపకు అంగీ గుట్టిస్తున్నవా?"

సంగతి చెప్పాను. నవ్వడం మానేసి మోకాలి లోతు నీళ్లలో తుంగ పక్కకు దిగాడు. ఒక్కొక్క పిల్లనూ తడి అరచేతిలో పెట్టుకుని, పోగుతో కొలిచి, మించినవాటిని మళ్లీ చెరువులోకి వదిలాడు. పెళ్లిచూపుల్లో కూడా అంత శ్రద్ధగా చూడరు. ఒక్కటే కావాలంటివి కదా, పదిహేనెందుకన్నాడు. ఎందుకైనా మంచిదన్నాను. కుండ నా చేతికిస్తూ, కొరమీనుకు దోస్తానీ తెల్వది, జర చూసుకోమన్నాడు. ఆయన జీవితం గురించి ఏదో చెబుతున్నాడనుకుని తలూపి వచ్చేశాను.

మా వాకిట్లో స్నానాల గది గోడ నీడకు జస్తు తొట్టి పెట్టి, నిండా చెరువు నీళ్లు పోసి పదిహేనింటినీ వదిలాను. నాయనమ్మ పీట తెచ్చుకుని పక్కనే కూర్చుంది. నాలుగు అన్నం మెతుకులు వేసింది. అవి ముట్టలేదు. కొత్త చోటు కదా, మొహమాటం అంది.

మర్నాడు కార్ఖానా నుంచి వచ్చి లెక్కపెడితే పదమూడు. ఆ మర్నాడు పదకొండు.

ఇంట్లో విచారణ మొదలైంది. కాకి ఎత్తుకుపోయిందని మా నాన్న. పిల్లి అని మా అమ్మ. స్టోర్సులో కూడా నువ్వు ఇట్లనే లెక్కపెడ్తవా అని నాయనమ్మ. అనుమానితుల్లో ఉన్న పిల్లి ఆ సమయంలో మా ముందుగదిలో అద్దెకుండే సారు మంచం కింద పడుకుని ఉంది. ఆ సారు గోదావరి జిల్లా మనిషి. ఉప్పల్ రోడ్డులో ఒక పరిశోధన సంస్థలో పని, భూమి లోపలి రాళ్లు ఎంత వేడిగా ఉన్నాయో కొలవడం. ఆయన శాకాహారి. మా ఇంట్లో చేపలకూర వండిన రోజు తన కిటికీ మూసుకుని, మర్నాడు ఏమీ జరగనట్టు తెరిచేవాడు. మీ పిల్లి ఏమన్నా తిన్నదా సారూ అని నాయనమ్మ అడిగితే, అది తన పిల్లి కాదనీ, తన గదిలో ఉంటుందంతేననీ అన్నాడు.

తొట్టి మీద వెదురు తట్ట బోర్లించి రాయి పెట్టాను. తట్ట కదల్లేదు, రాయి కదల్లేదు. సాయంత్రానికి చేపలు ఎనిమిది.

ఆదివారం వచ్చింది. అది సెలవు కాబట్టి పొద్దుటినుంచి అక్కడే కూర్చున్నాను. పొద్దున ఎనిమిదీ ఎవరి మానాన అవి, ముక్కులు గోడకు ఆనించి, బడిలో శిక్ష పడ్డ పిల్లల్లా నిలబడి ఉన్నాయి. వీటినా అనుమానించేది అనుకున్నాను. తొమ్మిదింటికి నాయనమ్మ వచ్చింది. తట్ట తీసింది. రెండు చేతులతో తొట్టి అంచు పట్టుకుని, నీళ్లు ఒలకకుండా, అలవాటైన పనిలాగా, దాన్ని ఎండలోకి జరిపింది.

ఎందుకని అడిగాను. రోజూ ఇంతేనట. నేను సైకిలెక్కగానే ఎండలోకి, నేను వచ్చే వేళకు మళ్లీ నీడకు.

"సల్లనీళ్లల్ల నానిన చేపను మింగితే ఆ సలువంత నా ఛాతిలకు వోదా? దవాకని పోయి కఫం దెచ్చుకోవాల్నా? జర ఎండ వడితె దాని ఒంట్ల సలువ పోతది."

ఆమె చల్లనీళ్లు తాగదు, పెరుగు ముట్టదు, తడిబట్ట ఒంటికి తగలనివ్వదు. మరి చేపకెందుకు మినహాయింపు? ఆమె వైపు నుంచి చూస్తే అది సరైన పనే. నేను మళ్లీ కూర్చున్నాను.

పదింటికి తోకలు ఆడటం ఎక్కువైంది. పదకొండింటికి ఒకటి ఇంకొకదాని వెంట పడింది. అది తప్పించుకోవడానికి గుండ్రటి తొట్టిలో గుండ్రంగా తిరిగి, తరిమేదాని నోటి దగ్గరికే వచ్చింది. మిట్టమధ్యాహ్నానికి నీళ్లలో వేలు పెడితే స్నానానికి కాచినట్టున్నాయి, లోపల మాత్రం యుద్ధం. ఒక చేప కదలకుండా ఒక పక్కన ఆగింది. దానికి రెండు తోకలున్నట్టు కనిపించింది. రెండోది నోట్లోంచి వేలాడుతోంది.

పిల్లి నిర్దోషి అని తేలింది. ఈ సంగతి ఎవరూ దానికి చెప్పలేదు.

నా కేక విని సారు బయటికొచ్చాడు. తొట్టిలోకి తొంగిచూసి, ఆ రెండో తోక చూసి, ఒక నిమిషం ఆకాశం వైపు చూశాడు. తర్వాత గదిలోకి పోయి, బోరుగుంతల్లోకి దించే పొడుగాటి థర్మామీటరు తెచ్చి నీళ్లలో పెట్టాడు. ముప్పై ఎనిమిది.

"జ్వరమా సారూ?" అంది నాయనమ్మ.

"మనకైతే జ్వరమేనండి, మామ్మగారూ. చేపకు సొంత వేడంటూ ఉండదు. నీళ్లు ఎంత వేడెక్కితే దాని ఒళ్లూ అంతే. ఒళ్లు వేడెక్కితే లోపల అంతా తొందర తొందరగా నడుస్తుంది. ఆకలీ తొందరే, కోపమూ తొందరే. పైగా మీరు పెట్టింది అన్నం. అవి తినేది పురుగుల్ని. దూరంగా పోదామంటే తొట్టిలో చోటా లేదు. ఇంకేం చేస్తాయి పాపం."

రాళ్ల మనిషికి చేపల సంగతి ఎలా తెలిసిందని అడిగాను. వాళ్ల లైబ్రరీకి చేపల పుస్తకం ఒకటి పొరపాటున వచ్చిందట. మా ఇంట్లో విచారణ మొదలైన రోజునుంచీ అదే చదువుతున్నాడట. మరి ముందే చెప్పొచ్చు కదా అంటే, అద్దెకున్నవాణ్ణి, ఇంట్లో విషయాల్లో కల్పించుకోవడం బాగుండదని ఊరుకున్నానన్నాడు.

నీళ్లు చల్లగా ఉంటే ఆగుతాయా అంటే ఆగుతాయన్నాడు. పూర్తిగా కాదు, కొట్లాట తగ్గుతుంది, తిండి పెడితే ఇంకా తగ్గుతుంది. చల్లగా ఉండే చోటు మా ఇంట్లో ఒక్కటే, వరండాలో ఇసుక మీద కూర్చోబెట్టిన మట్టి రంజన్. ఎండాకాలం మా ఇంటిల్లిపాదీ తాగే నీళ్లు అందులోవే. మరి మేమేం తాగాలంది అమ్మ. మా నాన్న, చేపలకు రంజన్ ఇచ్చి మనం తొట్టిల నీళ్లు తాగుదాం, మనం గూడ ఒకర్నొకరం తింటం, అయిపోతదన్నాడు.

అందరూ నాయనమ్మ వైపు చూశారు. చల్లదనమంటే ఆమెకున్న భయం అందరికీ తెలుసు. ఆమె తొట్టిలో మిగిలినవాటిని వేలితో లెక్కపెట్టింది. ఏడు. తన ఛాతీ మీద చెయ్యేసుకుంది.

"సల్లగనే ఉండనీ తియ్. మింగేనాడు ఎచ్చజేసుకుంట."

ఆ రెండో మాట అప్పుడు ఎవరం పట్టించుకోలేదు.

రంజన్‌కు తడి గోనెసంచి చుట్టాను. రోజూ పొద్దున ఉద్యోగానికి ముందు చిల్కానగర్ వైపు పొలాల గట్లు తవ్వి వానపాములు తెచ్చాను. కార్ఖానాకు చేరేసరికి నా గోళ్లలో మట్టి చూసి, ఇల్లు కడుతున్నావా అని అడిగేవారు. సారు రోజుకు రెండుసార్లు వేడి కొలిచి, కిటికీ చెక్క మీద పెన్సిలుతో రాసేవాడు. ఇరవై నాలుగు, ఇరవై అయిదు. ఏడు చేపలు ఏడుగానే ఉన్నాయి. మేం గోరువెచ్చని నీళ్లు తాగి, నెమ్మదిగా ఉన్న చేపల్ని చూసి సంతోషించాం. నాయనమ్మ పీట ఇప్పుడు రంజన్ పక్కకు చేరింది. మూత తీసి, లోపలికి మాట్లాడేది. ఏం మాట్లాడేదో తెలియదు కానీ వాటిలో ఒకటి ఎప్పుడూ పైకొచ్చి, గాలి గుటకేసి కిందికిపోయేది. "దీనికి గూడ దమ్మే" అనేది ఆమె. కొరమీను నీళ్లపైకొచ్చి గాలి పీల్చుకోవడం దాని పుట్టుకతో వచ్చిన అలవాటని సారు చెప్పాడు. పుట్టుకతో వచ్చిన దమ్ము అన్నమాట అని ఆమె ఇంకా జాలిపడింది.

అంతా బాగున్న చోట ఇంకొంచెం బాగు చెయ్యాలనిపించడం నా జబ్బు. దానికి ఏ కార్తెలోనూ మందు లేదు. చల్లదనం మంచిదైతే ఇంకా చల్లదనం ఇంకా మంచిది కదా అని, వరంగల్ రోడ్డు మీద సోడా బండి దగ్గర మంచుగడ్డ కొని పొట్టులో చుట్టి తెచ్చి రంజన్‌లో వేశాను. కాళ్లు కడుక్కుని వచ్చి మూత తీస్తే ఏడూ పక్కకు ఒరిగి ఉన్నాయి. వేలితో కదిపినా కదల్లేదు.

నాయనమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేది. పీట మీద కూర్చుని, "పోనీ తియ్ బిడ్డా. నా రాతల మూడో ఏడు లేదేమో" అంది. అన్నాక ఆమె ఊపిరి వినిపించింది. ఎండాకాలం వినిపించని చప్పుడది. నేను ఆమె వైపు చూడకుండా చేతులు పెట్టి మంచు బయటికి తీస్తున్నాను. నా చేతులు కొంకర్లు పోయాయి. చేపల సంగతి అప్పుడు నాకు కొంచెం అర్థమైంది.

సారు పరిగెత్తుకొచ్చి థర్మామీటరు పెట్టి చూసి, తొందరపడొద్దన్నాడు. చెంబుతో కొంచెం, ఆగి మళ్లీ కొంచెం, తొట్టిలోని నీళ్లు పోయించాడు. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకదాని రెక్క వణికింది. ఇంకొకటి నిటారుగా లేచింది. లేచిన మొదటిది చేసిన మొదటి పని, పక్కనున్నదాని తోక కొరకడం.

నాయనమ్మ నవ్వింది. నవ్వుకు దగ్గొచ్చింది, దగ్గుతూ కూడా నవ్వింది. "కొర్కుతున్నదంటె బతికినట్టే తియ్" అంది. మా నాన్న అప్పటినుంచి ఇంట్లో నన్ను రంజన్‌కు మూడు గజాల దూరంలో ఉంచాడు.

కార్తె రోజు పొద్దున్నే బయల్దేరాం. పాల డబ్బాలో మూడింటికి మించి పెట్టొద్దని సారు ఖచ్చితంగా చెప్పాడు. ఏడింటిలో చిన్నవి మూడు ఏరాను. ఇన్ని రోజులు నా వానపాములు తిని అవి కూడా ఒళ్లు చేశాయని నాకు కనబడింది. నూలుపోగు జేబులో ఉంది కానీ బయటికి తియ్యలేదు. డబ్బాకు తడి తువ్వాలు చుట్టి, అఫ్జల్‌గంజ్ బస్సులో నాయనమ్మ ఒళ్లో పెట్టాను. అక్కణ్ణుంచి నడిచి వరసలో నిలబడ్డాం. వరస సందులోంచి ఇంకో సందులోకి, అక్కణ్ణుంచి కనబడని చోటికి పోతోంది. అందరి దగ్గరా ఏదో ఒక చెంబు, డబ్బా. అందరికీ దమ్మే కాబట్టి తోపులాట కూడా నెమ్మదిగా జరుగుతోంది.

వరస పక్కన చేపలమ్మేవాళ్ల తొట్లు ఎండలో ఉన్నాయి. తొంగిచూశాను. అన్నీ పెద్దవే. పోయినేడు చిన్నవెందుకు దొరకలేదో నాకు అప్పుడు తెలిసింది. చిన్నవి ఉన్నాయి. పెద్దవాటి లోపల ఉన్నాయి.

ఇంకో గంటలో మన వంతొస్తుందనగా నేను మంచినీళ్లకు పోయాను. తిరిగొచ్చేసరికి తడి తువ్వాలు నాయనమ్మ భుజం మీద ఆరుతోంది. డబ్బా మూత తీసి, ఎండ పడేటట్టు రాయి మీద పెట్టి ఉంది. చెప్పిన మాట ప్రకారం ఎచ్చజేసుకుంటోంది. లోపల టకటకమని చప్పుడు.

ఆత్రంగా చూశాను. నీళ్లు కాస్త కలకగా ఉన్నాయి. ఒక్కటే చేప. దాని పొట్ట పెళ్లిభోజనం చేసి వచ్చినవాడి పొట్టలా ఉంది.

జేబులోంచి నూలుపోగు తీశాను. ఇక దాచి లాభం లేదు. పొడుగు ఒక గోరంత మించింది. లావుకు పోగుతో పనే లేదు. ఆ తొట్లలో వెతుకుతాను, చిన్నది ఒక్కటైనా దొరక్కపోదు అన్నాను. ముందున్నవాళ్లు కదిలారు. ఆమె కదలకుండా డబ్బాలోకి చూస్తోంది. పోయినేడు వెనక్కి తిరిగి చూసిన చేప ఆమెకు గుర్తొచ్చిందని నాకు తెలుసు. ఇంటికి పోదామంటుందని చూశాను. ఇంటికి పోతే మళ్లీ మొదటి ఏడు. ఆమె వయసుకు మూడేళ్లంటే చిన్న లెక్క కాదు.

"ఎన్ని దెచ్చినవ్ మొత్తం?" అంది.

"పదిహేను."

"ఇంట్ల ఎన్నున్నయి?"

"నాలుగు."

"గట్లైతె పదకొండు మంది లెక్క వీని దగ్గర్నే ఉన్నది" అని డబ్బా చేతిలోకి తీసుకుంది. "నా ఎండకు చేసిండు వీడు గీ పనంత. నేను మింగకుంటె ఎవరు మింగుతరు? పద."

వంతొచ్చింది. ఆమె నోరు తెరిచింది. నేను కళ్లు మూసుకున్నాను. అందుకే జరిగింది చెప్పలేను. తెరిచేసరికి ఆమె మెడ మీద చెయ్యేసి నిలబడి ఉంది, కళ్లలో నీళ్లు.

ఎనక్కి జూసిందా అని అడిగాను.

"టైమియ్యలే" అంది.

దమ్ము పోయిందా అంటే, ఆ చలికాలం కూడా పిల్లికూతలు వచ్చాయి. పోయినేటికంటే తక్కువని నాయనమ్మ, అంతేనని మా నాన్న. నాకు మాత్రం మూడేళ్లు పూర్తయ్యాక ఆమె కూర్చున్న తీరులో తేడా కనిపించేది. ఊపిరి అందనప్పుడు కూడా, ఎవరికీ బాకీ లేనట్టు కూర్చునేది.

ఆ రోజు మేం ఇల్లు చేరేసరికి వీధంతా చేపలకూర వాసన. మృగశిర నాడు చేప వండని ఇల్లు మా వైపు ఉండదు. సారు కిటికీ ఎప్పుడో మూసుకుంది. రంజన్‌లో మిగిలిన నాలుగింటినీ చూసి అమ్మ మసాలా నూరనా అంది. వద్దంది నాయనమ్మ. చెరువులో వదిలి రమ్మంది. నేను కుండ ఎత్తుకున్నాక గుమ్మం దాకా వచ్చి, "నీడున్న దిక్కు సూసి ఇడువు" అంది. నీడ గురించి ఆమె నోట వినడం అదే మొదటిసారి.

సాయంత్రం ఎండ ఇంకా చల్లారలేదు. గట్టు మీద అదే మనిషి, అదే వల. నా చేతిలో కుండ చూశాడు.

"ఏంది తమ్మీ, అంగీ సరిపోలేదా?"

కొంచెం బిగుతైంది, అయినా తొడుక్కుందన్నాను. మూడో ఏడు అయిపోయిందా అని అడిగాడు. అయిపోయిందన్నాను. తలూపి, వల పక్కన పెట్టి, కుండ నా చేతిలోంచి తీసుకున్నాడు.

"మా అమ్మది రెండేండ్ల కాడ్నే ఆగింది" అన్నాడు, నీళ్లలోకి దిగుతూ.

ఆయన తుంగ నీడ దాకా పోయి, వంగి, కుండను నీళ్లలోకి ఒంచాడు. నాలుగూ నాలుగు దిక్కులకు పోయాయి. ఏదీ ఇంకోదాని వెంట పడలేదు. అక్కడ చోటుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ రంజన్ తోమి కొత్తనీళ్లు పోసింది. ఇన్ని రోజుల తర్వాత నాన్న మొదటి చెంబు ముంచుకుని తాగి, చేప వాసనొస్తోందని మొహం ముడిచాడు, రెండో చెంబూ ముంచాడు. నాయనమ్మ పీట మీద కూర్చుని, నీడకేనా ఇడిచినవ్ అని అడిగింది.

నీడకే అన్నాను.

నూలుపోగు తిరిగి ఇవ్వబోతే తీసుకోలేదు, ఉంచుకొమ్మంది. "నీకు పెండ్లయినంక, నీ కడుపున పుట్టినోళ్లకు దమ్మొస్తె పనికొస్తది" అంది. అది దీవెనో, శాపమో అడుగుదామనుకున్నాను. పగలంతా ఎండలో ఉన్న మనిషి కదా అని ఊరుకున్నాను.